పొద్దుటి దగ్గు

మొదట విన్నది నేను కాదు, వాచ్‌మన్ సన్యాసప్పడు.
"మీ చిన్న ఇమానానికి దగ్గమ్మా.
పొద్దుట తిప్పినప్పుడల్లా నాలుగు దగ్గులు,
ఎండెక్కితే సర్దుకుంటంది."
మాన్యువల్లోనూ అదే ఉంది, కాస్త ఎక్కువ మాటల్లో:
కాలిన నూనె మసి వాల్వ్ గైడులో గడ్డకట్టి
చల్లారిన వేళ వాల్వ్‌ని పట్టేసుకుంటుంది.

మూడో సిలిండర్ విప్పాను.
హేంగర్ తలుపులోంచి యారాడ కొండ,
కొండ దాటి వచ్చే ఉప్పుగాలి.
తుడిచి పెట్టిన స్పానరు కూడా
ఈ ఊళ్ళో వారం తిరక్కుండా ఎర్రబడుతుంది.
గైడు గుండ్రం పోయి, గుడ్డు ఆకారానికొచ్చింది.

కొత్తది వెయ్యాలి. నా ముందు మూడు.
ఒకటి ఇంకా వస్తువు కాదు, కొటేషన్.
ఇంజన్ పుట్టింటి నుంచి, పదకొండు వారాల దూరంలో.
ధర చూసి సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు,
మళ్ళీ పెట్టుకున్నా అంకె మారలేదు.
రెండోది నీలం పెట్టెలో. వేరే కంపెనీ, అదే కొలత,
అనుమతి పత్రం, సగం ఖరీదు.
"అసలుది కాదు కదమ్మా?" అంటారాయన,
కూరల కొట్లో వంకాయ నొక్కినట్టు పెట్టెని నొక్కుతూ.
మూడోది పాత లుంగీ ముక్కలో చుట్టి ఉంది.
ఆటోనగర్ అప్పలకొండ నిన్న రాత్రి లేత్ మీద తీశాడు.
ఖరీదు: ఒక టీ, రెండు ఉల్లి పకోడీ పొట్లాలు.

మైక్రోమీటర్‌కి పక్షపాతం లేదు.
నీలం పెట్టెది బాగుంది.
అప్పలకొండది ఇంకా బాగుంది.
లోపలి నునుపు మీద నా గోరు ఎక్కడా ఆగలేదు.

మా నాన్న ఫిషింగ్ హార్బర్లో బోటింజన్లు బాగుచేసేవాడు.
సైకిల్ ట్యూబు కత్తిరించి గాస్కెట్ వేసి
నడిసముద్రానికి పంపిన రోజులున్నాయి.
బోట్లు తిరిగొచ్చాయి.
రాకపోయినా తేలతాయి, ఎవరో ఒకరు తాడేసి లాక్కొస్తారు.
ఆగిన ఇంజన్ని సముద్రం మోస్తుంది.
గాలి కూడా మోస్తుంది,
కాసేపు.

"కంచు ఎక్కడిది?" అని అడిగాను ఫోన్లో.
"పాత ఓడ బుష్షమ్మా, స్క్రాప్ కొట్లో తూకానికి తెచ్చినాను."
"ఏ ఓడ?"
అటువైపు లేత్ ఆగిన చప్పుడు.
"అదెవులికి తెలుస్తాది?"

రాత్రి నీలం పెట్టె పత్రం లైసెన్సు పరీక్షకి చదివినట్టు చదివాను.
మా ఇంజన్ మోడల్ జాబితాలో ఉందా, ఉంది, పద్నాలుగో వరసలో.
బ్యాచ్ నంబరు పెట్టె మీదా, వస్తువు మీదా ఒకటే.
కాగితం లోహాన్ని గట్టిపరచదు, నాకు తెలుసు.
కానీ ఎక్కడో, ఊరూ పేరూ తెలియని రన్‌వే మీద
దీని తోడబుట్టింది ఒకటి పగిలితే
ఆ కబురు వెతుక్కుంటూ ఈ హేంగర్ దాకా వస్తుంది.
ఓడ బుష్షుకి బంధువులెవరూ లేరు.

నీలం పెట్టెది బిగించాను. లాగ్‌బుక్కులో నంబరు రాసి
సంతకం పెట్టేముందు చెయ్యి చీరకి తుడుచుకున్నాను, అలవాటు.

శనివారం పాంగి రజిత మొదటిసారి ఒంటరిగా ఎగరాలి.
అరకు పిల్ల, పంతొమ్మిదేళ్ళు, జడ మడిచి హెడ్‌సెట్ కింద దోపింది.
అప్పలకొండ సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు.
"మనదే ఏసినారా?"
లేదన్నాను.
కొంచెం సేపు బీడీ వెలిగించకుండా పట్టుకున్నాడు.
"పోన్లెండి. ఏసుంటే రాత్రి నాకు నిద్దరట్టీది కాదు."
లుంగీ ముక్క తిరిగిస్తే తీసుకున్నాడు, గైడు నా దగ్గరే ఉంచమన్నాడు.

ఆరుంపావు. చల్లగా ఉంది.
సన్యాసప్పడు చెవి ఒగ్గి గేటు దగ్గర.
రజిత తాళం తిప్పింది.

ఒక్క దగ్గు.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
చెయ్యెత్తి ఆపమన్నాను. మళ్ళీ కవర్ విప్పడానికి
స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.