హారం

ఎచ్చెర్ల హైవే మీద లారీల రొదకి
తలుపు దగ్గరేసి
నాలుగున్నరకి మొదలెడతాను.
క్లాసులన్నీ అయిపోయి బుర్రలు
ఆరేసిన గోగునారలా ఉండే వేళ.
టైంటేబుల్లో మాకు మిగిలిన చోటదే.

రెమిడియల్ మేథ్స్.
పిల్లలు 'రిపేరు క్లాసు' అంటారు.
మొదటి రోజు నలభై ఒక్కరు.
డిగ్రీ రెండో ఏడు, ఇంటిగ్రేషన్ దాకా వచ్చేశారు.
సగానికి మూడోవంతు కలపమంటే
అయిదులో రెండు అన్నారు
ఒకే గొంతుతో, ఎక్కం అప్పజెప్పినట్టు.

పలాస ఢిల్లేశ్వరి మాత్రం ఏమీ అనలేదు.
సెలవుల్లో జీడిపప్పు ఏరుతుందా పిల్ల,
గుండు, బద్ద, ముక్క, చూడకుండా
వేళ్లతో తాకి చెప్పేస్తుంది.
"రెండు బద్దలైతే గుండవుతాది గానండి,
బద్దా ముక్కా కలిపితే ఏటవుతాది?
ఏ డబ్బాలో ఎయ్యాల?"
సుద్దముక్క కింద పెట్టేశాను.
పదేళ్లుగా నేను చెప్తున్న క.సా.గు.
ఆ డబ్బా కోసం వెతుకులాటేనని
నాకే అప్పుడు తెలిసింది.

మైనస్సులోంచి మైనస్సు పోతే ప్లస్సెలాగండీ అన్నారు.
"అప్పు కొట్టేస్తే ఆస్తే కదర్రా" అన్నాను.
"అప్పు కొట్టేసినోలు మా ఊర్లో ఎవులూ నేరండి"
అన్నాడు మైలపల్లి దానేసు, నవ్వకుండా.
పదకొండు క్లాసులకొచ్చాడు.
పన్నెండో నాటికి వాళ్లన్నతో
వేరావల్ బోటెక్కేశాడట.

సవర జమ్మయ్య జ్వరంతో సీతంపేట వెళ్లి
మళ్లీ కనబడలేదు.
పాతపట్నం వైపు వాళ్లు ఆరింటి బస్సు కోసం
ఒక్కొక్కరే జారుకున్నారు.
బస్సుకీ త్రైరాశికానికీ పోటీ పెడితే
బస్సే గెలుస్తుంది. గెలవాలి కూడా,
చీకట్లో దిగి నడిచేది ఆడపిల్లలు.

పంతొమ్మిది మంది మిగిలారు.
పద్నాలుగు మంది పాసయ్యారు.
అందులో ఒకడు మొన్న కేంటీన్లో
నూట ఎనభైని ముగ్గురికి పంచడానికి
ఫోను తీశాడు.
చూడనట్టు టీ తాగాను.

ఇప్పుడు కాగితమొచ్చింది.
'ఈ కోర్సు వల్ల ఫలితం, శాతంలో.'
లవం తెలుసు, పద్నాలుగు.
హారమేది?
పంతొమ్మిది వేస్తే డెబ్బై నాలుగు,
ప్రిన్సిపాల్‌కి దండేస్తారు.
నలభై ఒకటి వేస్తే ముప్ఫై నాలుగు,
వచ్చే ఏడు ఈ తలుపు తియ్యరు.
గుమస్తా పోలినాయుడు గారు కళ్లజోడు తుడుచుకుంటూ
"ఏ హారమైనా ఎవుల మెడకో ఒకలి మెడకే కదండి,
పెద్దదొచ్చేది ఎయ్యండి" అన్నారు.

రాత్రి దానేసు ఫోను. వెనక గాలి హోరు.
"డీజిలూ ఐసూ పోగా వాటాలేసారండి.
నాకు మూడొందల నలభై తక్కువొచ్చింది.
కాగితం మీద ఏసి సూపించాను."
ఇచ్చాడా?
"ఇవ్వనేదండి. తప్పని ఒప్పుకోనూ నేదు."
కాసేపు గాలే మాట్లాడింది.
"అయినా తప్పేనండి."

కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.
కొత్త బేచి జాబితా వచ్చింది, యాభై మూడు పేర్లు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
పలాస వైపు వాళ్లెవరైనా ఉన్నారేమోనని
ఊళ్ల పేర్లు చూస్తున్నాను.