నలభై ఒకటో నంబరు

జిగురు గురించి అడగడానికి
మొదటిసారి నా కొట్టు మెట్లు దిగింది త్సియాలా.
"అట్టకి రాశాక ఎంతసేపు ఆగుతావు, వర్లామ్?"
వేలు పెడితే అంటీ అంటనట్టుండేదాకా, అన్నాను.
బాల్‌పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది.
ఆమె చదివిన బడి అంతే.

ఓజుర్గెతి తేయాకు ఫ్యాక్టరీలో
పంతొమ్మిదేళ్లు పొట్లాలకి లేబుళ్లంటించిన చేతులు.
ఫ్యాక్టరీ మూసేసిన రోజు
జీతం బాకీ కింద అందరూ తేయాకు మోసుకెళ్తే
ఈమె లేబుళ్ల కట్టలు తెచ్చుకుంది.
చూసి నవ్వినవాళ్లలో నేను లేను.
అప్పటికి నాకామె తెలీదు, అందుకని.
తెలిసుంటే నవ్వేవాణ్ణే.

ఇప్పుడు కుతైసిలో, మా మేడ మీద మూడో అంతస్తులో
వంటింటి బల్లే పనిబల్ల.
ఒక గిన్నెలో మైదా గంజి, పక్క గిన్నెలో రాత్రి తిండి.
ఒకసారి తారుమారయ్యాయట. చెప్పి చెప్పి నవ్వింది.
పచ్చి అక్రోటు తొక్కలు నానేసి గోధుమరంగు,
ఉల్లిపొట్టు మరిగించి పసుపు.
నీలం మాత్రం కొనాలి.
నీలం అయిపోయిన నెలంతా
ఆమె అట్టల మీద రియోని నది
బూడిదరంగులో పారింది.

కత్తెర ముట్టదు.
"అది ముందే నిర్ణయించేసుకుంటుంది" అంటుంది.
తడివేలితో గీత గీసి
ఆ తడి వెంట మెల్లగా చింపుతుంది.
చిరిగిన అంచున కాగితం నూగు
తెల్లగా లేచి నిలబడుతుంది.
అది కొండల మీద తొలి మంచు.
లేబుళ్ల మీది గుండ్రటి అక్షరాలు
తలకిందులై ద్రాక్షతీగలవుతాయి.

ఇదంతా ఎవరు నేర్పారంటే కోపమొచ్చింది.
"నీకు నడక ఎవరు నేర్పారు?"
మా అమ్మ, అన్నాను.
ఆ రోజంతా మాట్లాడలేదు.

ఒక బొమ్మలో గాలిబుడగ మిగిలింది.
సూదితో పొడవమన్నాను.
మా పనిలో బుడగంటే ఓటమి,
సరిగ్గా అక్కడే అరికాలు ఊడుతుంది.
పొడవలేదు.
బుడగ చుట్టూ కంచె గీసి
ఒక మేకని కట్టేసింది.

పోయిన మంగళవారం కొత్తది చూపించింది.
మా వీధే.
బస్సు టిక్కెట్ల పెంకులు,
మందుల కాగితం మడతలే మెట్లు,
ఇసుక కలిపిన సున్నంతో గోడలు, తాకితే గరుకు.
నా కొట్టు వెతుక్కున్నాను.
తలుపు ఉండాల్సిన చోట నా చేతిరాత:
నలభై ఒకటి. మడమలు. శుక్రవారం.

మా చీటీలు రెండు సగాలు.
ఒకటి బూట్లకి కడతాను,
రెండోది ఇచ్చినవాడి జేబులో.
తొంభై మూడు వేసవిలో సెవెరియానె
శుక్రవారం వస్తానన్నాడు.
సుఖుమి వైపు వెళ్లే లారీ ఎక్కాడని
తర్వాత ఎవరో అన్నారు.
మడమలు వేసే ఉన్నాయి.
పై అరలో, గుడ్డలో చుట్టి.

ఆ రెండో సగం ఈమె దగ్గరికెలా వచ్చిందో అడగలేదు.
బొమ్మలో తలుపు కూడా సగమే.
మిగతా సగం అట్ట, రంగు తగలకుండా వదిలేసి ఉంది.
ఆ మొదటి రోజు, జిగురు గురించి అడుగుతూ
పై అర వైపే చూసిందా?
గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను.
అరచెయ్యే గుర్తొస్తుంది.

ఇవాళ మూడుసార్లు గుడ్డ విప్పి
మళ్లీ చుట్టాను.
సాయంత్రం ఒక నీలం డబ్బా కొని
మేడెక్కాలి.
అదైతే ఏమీ అడక్కుండా ఇవ్వొచ్చు.