వరసరాయి

మా రాయి నల్లది. ఒక అంచు చెక్కు లేచింది.
అమ్మ దానికి పసుపు బొట్టు పెట్టింది, దేవుడని కాదు,
పక్కింటోళ్ళు తమదనకుండా.

బొగ్గులదిబ్బలో ఇంటికో రాయి.
అసిరయ్యది విరిగిన రుబ్బురోలు ముక్క,
సన్యాసమ్మది రైలుకట్ట మీద ఏరిన కంకర,
చిన్నదని ఎవరూ తన్నెయ్యకుండా
దాని మీద ఆవిడ పాత చెప్పు.
రోజు విడిచి రోజు ట్యాంకరు.
రాత్రంతా రాళ్ళు వరసలో కూర్చునేవి,
మేం పడుకునేవాళ్ళం.
మూడింటికి రాయపూర్ గూడ్సు గోడలు కుదిపితే
చూరుకింద గిన్నె దొర్లేది.
"లెగండర్రా, నీలొచ్చీసే యేలయిపోనాది!"

రాయి జరిగిందని ఓసారి
అమ్మా పారమ్మా జుట్లు పట్టుకున్నారు.
ఆ సాయంత్రమే పారమ్మ కూతురికి నొప్పులొస్తే
ముందు వెళ్ళింది మా బిందే.
ఆ బిందెడు బాకీ తీరలేదని
అమ్మ ఇప్పటికీ అంటుంది, నవ్వకుండా.

ఇళ్ళు రాసుకోడానికి వచ్చిన కుర్రాడు
తలుపుకి నంబరు వెయ్యాలి, తలుపేదీ అన్నాడు.
అమ్మ గుమ్మానికి కట్టిన చీర చూపించి
"ఇదే బాబూ, మెల్లగా రాయి, సిరిగిపోతాది" అంది.
కుంచె పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.
తర్వాత మా రాయి అడిగి తెప్పించుకుని
దాని మీద వేశాడు ఎర్రరంగుతో,
నలభై ఒకటి బై ఆరు.
మాకన్నా ముందు మా రాయి
విజీనారం లెక్కల్లోకి ఎక్కింది.

పైపులు పడ్డానికి ఇంకో రెండేళ్ళు.
ముందు కాలవ తవ్వాలన్నారు, కాలవకి వాలు లేదన్నారు.
వాన పడ్డప్పుడల్లా మా పొయ్యి ఆర్పి పోయే నీళ్ళకి
వాలెటో బాగా తెలుసు.
వాటినెవరూ అడగలేదు.
చివరికి అసిరయ్య, జూటుమిల్లులో నడుం పోగొట్టుకున్నవాడు,
నిండు బకెట్టు, ట్యాంకరు నీళ్ళే,
దిబ్బ మీంచి వొంపేశాడు.
ఆడాళ్ళందరూ ఒకేసారి అయ్యో అన్నారు.
"ఇదిగో, దీనెనకాల ఎల్లండి" అన్నాడు.
ఇంజినీరు పాంటు మడుచుకుని
నీళ్ళ వెనకాల నడిచాడు.
కాలవ ఇవాళ్టికీ ఆ దారినే ఉంది.

కుళాయి వచ్చిన రోజు అమ్మ తిప్పలేదు.
తడిమి చూసి,
"మనకేనా? ఎవులైనా అడుగుతారేటి?" అంది.
ఇప్పుడు పొద్దున్న ఆరింటికి అరగంట నీళ్ళు.
మూడింటికి గూడ్సు వెళ్తూనే ఉంది,
అమ్మ లేస్తూనే ఉంది,
చీకట్లో బిందె వెతికి, గుర్తొచ్చి,
మళ్ళీ ముడుచుకుంటుంది.

అందరి రాళ్ళూ కాలవ మీద మెట్లయ్యాయి.
సన్యాసమ్మ కంకర ఎక్కడుందో తెలీదు,
చెప్పు మాత్రం తొడుక్కుని తిరుగుతోంది.

పట్టాలిస్తామని మొన్న మైకులో చెప్పారు.
మాకు తెలిసిన పట్టాలు రెండే,
ఇంటి వెనక, ఇనపవి,
పిల్లల్ని అటు పోనివ్వం.
మెట్టుకి మా రాయి కూడా ఇమ్మని
మేస్త్రీ వచ్చి అడిగితే
అమ్మ ఎర్రరంగు మీద దుమ్ము తుడిచి
ఒళ్ళోకి లాక్కుంది.
"ఉండనీ బాబూ.
ఆటికీ వరసుంతాది కదేటి."