ముగ్గుపిండి తడిసిన చోట

పదకొండేళ్లు పశువుల కొట్టంలో పడున్న రాజ్‌దూత్‌ని
మూడువేల అయిదొందలకు కొని
ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక సందులోకి
తోసుకొచ్చినాను, చెమటలు కక్కుతూ.
ఆ సందులో గాలిలో దూది, మోరీలో దూది,
కరెంటు తీగల మీద కూడా
తెల్లగా వచ్చి కూచున్న దూది.

"కిక్కు కొట్టనా?" అన్నాను.
హుసేనప్ప పలకలేదు.
బండి చుట్టూ ఓ తిరుగుడు తిరిగి
ట్యాంకు మూత తెరిచి ముక్కు పెట్టినాడు,
మజ్జిగ పులిసిందో లేదో చూసినట్టు.

"జేబులో ఏముండాది?"
"బీడీలు."
"వాటితో పనిల్యా. రెండోది."
అగ్గిపెట్టె తీసిచ్చినాను.
దాన్ని సందు మొగదల పిట్టగోడ మీద పెట్టొచ్చినాడు,
తేలును బయట వదిలొచ్చినట్టు.

బ్యాటరీ తీగ ఊడదీసినాడు.
షట్టరు నిండా ఎత్తినాడు.
ఇసుక బకెట్టు కాలికి తగిలేంత దగ్గర,
దాని మీద తడి గోనెసంచి.
"నీళ్లుంటే చాలదా?" అన్నాను.
"నీళ్లు పోస్తే
పెట్రోలు వాటి మీదెక్కి ఊరేగుతాదప్పా."

పావు లీటరు పోసినాడు, అంతే.
చెయ్యి పెట్టి తడిమినాను, అంతా పొడిగానే ఉంది.
"అది దొంగది. తడిపేది అదే, ఆరబెట్టేది అదే.
వాసన మాత్రం నేల పట్టుకోని పాకుతాంటాది,
పొయ్యి యాడుందో ఎతుక్కుంటా."

పక్కింటి ఈరమ్మవ్వనడిగి
గుప్పెడు ముగ్గుపిండి తెచ్చి
కుళాయి మెడకు, గొట్టం రెండు మొనలకు,
కార్బరేటర్ కింద గిన్నెకు
చంటిబిడ్డకు పౌడరద్దినట్టు అద్దినాడు.
"ఇంగ కూచో."

గొట్టం కాడ పిండి ముందు బూడిదరంగుకు తిరిగింది.
గోరుతో గీరితే చిట్లింది రబ్బరు.
కొత్తది తొడిగి క్లిప్పులు బిగించినాడు.
కుళాయిలో బెండు వాషరు ఎండి బిస్కెట్టయింది,
దాన్నీ మార్చినాడు.
"అయిపోయింది" అన్నాను.
"నీకయింది" అన్నాడు.

అప్పుడు పోయింది కరెంటు.

చెయ్యి దానంతటది జేబులోకి పోయింది.
ఇరవై ఏళ్ల అలవాటు, చీకటంటే అగ్గిపుల్ల.
జేబు ఖాళీ.
ఆ ఖాళీ వేళ్లకు తగిలినాక
వెన్నులో ఏదో చల్లగా జారింది.

"కదలాకు. ఇను."
నా మణికట్టు పట్టుకున్న అరచెయ్యి
నలిపి పారేసిన కాగితంలా ముడతలు.
ఆ చీకట్లోనే చెప్పినాడు:
"మా నాయన దూదేకేటోడు.
పరుపుల కుప్ప పక్కన లాంతరు పెట్టి
సంగటి తినను లేసినాడు.
దూది కాలేటప్పుడు సప్పుడుండదు.
నాకు ఆరేండ్లు. కుప్పను లాగుదామని పోయినా."
ఇంక చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మిల్లూ ఆగిపోయి సందంతా మూగబోయింది.
అప్పుడు వినబడింది,
టప్.
చాలాసేపటికి మళ్లీ,
టప్.
కింద పరిచిన రేకు మీద, మా మోకాళ్ల ముందే.
"ఫ్లోట్ సూది" అన్నాడు,
మందలో తప్పిన మేక అరుపు విన్నోడిలా.

కరెంటొచ్చినాక చూస్తే
గిన్నె కింద ముగ్గుపిండి
కందిగింజంత నల్లబడి ఉంది.

సూది కర్నూలు నుంచి రావాల్సొచ్చింది.
మూడో నాడు పొద్దున్నే
బండిని సందు బయట బయల్లోకి తోసి
ఏడో కిక్కుకు దగ్గించినాము.
నీలం పొగ, నా కేకలు.
హుసేనప్ప నవ్వలేదు.
వంగి ఇంజను కింద నేలనే చూస్తాన్నాడు, చానాసేపు.
నేల పొడిగా ఉంది.
"ఇంగ పో" అన్నాడు.

ఎమ్మిగనూరు రోడ్డెక్కి నాలుగు మైళ్లు పోయినాక
బీడీ నోట్లో పెట్టుకుంటే గుర్తొచ్చింది,
అగ్గిపెట్టె ఇంకా ఆ పిట్టగోడ మీదే ఉందని.
బండి వెనక్కి తిప్పలేదు.
వెలగని బీడీ కొరుక్కుంటా,
మోకాళ్ల మధ్య ట్యాంకులో పెట్రోలు
బిందెలో నీళ్లలా కదిలే చప్పుడు
వినుకుంటా పోయినా.