ల కీ ర కీ మధ్య

మా రికార్డుల గదికి కిటికీ లేదు.
పాతికేళ్ళ జ్వరాలు అక్కడ చెదలకు మేతయ్యాయి.
తొంభై ఎనిమిది నాటి కాన్పుల రిజిస్టరు తెరిస్తే
పుట్టినవాళ్ళ పేర్లు పొడిపొడిగా రాలి
నా చెప్పుల మీద పడ్డాయి.
అందుకే, కంప్యూటరు దిగిన రోజు
అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

లిలోంగ్వే నుంచి వచ్చిన కుర్రాడు మూడు రోజులు నేర్పాడు.
నాలుగో రోజు కరెంటు పోయింది.
అప్పట్నించీ ప్రతి రోగినీ రెండుసార్లు రాస్తున్నాను,
చీకట్లో పుస్తకంలోకి,
వెలుగొచ్చాక పుస్తకంలోంచి తెర మీదికి.
వరుస గేటు దాటి, ఉసిపా చేపలు ఎండేసే
బల్లల దాకా సాగుతుంది.
"వైసన్, నీ పెట్టె నిద్ర లేచిందా?
లేవకపోతే చెప్పు, ఇంటికెళ్ళి చస్తాను"
అంటాడు ముసలి కమ్వెండో, రోజూ.

పుట్టిన తేదీ లేనిదే తెర ముందుకు కదలదు.
వరదొచ్చిన ఏడాది పుట్టానంటారు.
ఏ వరదో తెరకి అక్కర్లేదు, అంకె కావాలి.
సరస్సు ఒడ్డు ఊళ్ళన్నీ నా చేతుల మీదుగా
జనవరి ఒకటిన పుట్టాయి.

ఆ మంగళవారం దగ్గుతో ఒకామె వచ్చింది.
చక్కెర సంచిలో చుట్టిన ఆరోగ్య పుస్తకం,
అట్ట మీద పేరు ఎనెలేసి అనుకోండి.
మా భాషలో ల, ర అక్కచెల్లెళ్ళు.
ఒకరి బట్ట ఒకరు కట్టుకు తిరిగినా
ఎవరూ పట్టించుకోరు.
పెట్టె పట్టించుకుంది.

నది అవతల, నలభై కిలోమీటర్లు,
మిషన్ ఆసుపత్రిలో ఒక ఎనెరేసి ఉంది.
అదే వరద. అదే తల్లి పేరు.
ఎడమ మోచేతి మీద అదే కాలిన మచ్చ.
నాలుగేళ్ళుగా నెలనెలా మాత్రలు తీసుకుంటోంది.
ఏ మాత్రలో ఇక్కడ రాయను.

"ఇద్దరూ ఒకరేనా?" అంది తెర.
కింద మూడు గడులు.
అవును. కాదు. తర్వాత.

దగ్గుకు మేమిచ్చే ఎర్ర మందు
ఆ మాత్రల బలాన్ని తినేస్తుందని,
వాటిని రెండు పూటలా వేసుకోవాలని
గోడ మీది కాగితంలో ఉంది.
ఎనెలేసిని చూసే వైద్యుడికి ఎనెరేసి తెలియదు.
ఎనెరేసికి మాత్రలిచ్చే నర్సుకి ఈ దగ్గు తెలియదు.
ఇద్దరూ తెలిసింది
నాలుగో ఫారం దాటని గుమస్తాకి.

అవును నొక్కితే అయిపోయేది.
కానీ ఇక్కడ నొక్కిన అవును
మందుల కిటికీ వెనక ఫైనెసి తెర మీద కూడా అవునే.
ఫైనెసి ఆమె ఆడపడుచు.

పంపు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాను.
చాలాసేపు నేల చూసింది.
"ఆ ఇద్దరూ ఎదురుపడకూడదనే
నాలుగేళ్ళు సైకిల్ టాక్సీలకి పోశాను.
కోళ్ళమ్మాను. మేకనమ్మాను.
నీ పెట్టె ఒక్క వేలితో కలిపేస్తుందా?"

ఆమె సరేనన్నాకే వైద్యుడి చెవిన వేశాను.
ఆయన అరచేతిలో పట్టేంత చీటీ రాశాడు.
మందు పేరు, రెండు పూటలా, సంతకం.
రోగి పేరు లేదు.
చితెంజె కొంగున ముడేసుకుని
నది దాటించింది.

నేను తర్వాత నొక్కాను.

మర్నాడు పెట్టె లేవగానే మొదట అడిగింది అదే.
ఆ మర్నాడూ.
చెదలు తినని జ్ఞాపకం, కావాలని కోరుకున్నది నేనే కదా.
ప్రతి ఉదయం తర్వాత, తర్వాత,
అప్పులవాడికి చెప్పినట్టు.

వచ్చే నెల జోంబాలో చెల్లెలి పెళ్ళి, వారం సెలవు.
నా కుర్చీలో కొత్తపిల్ల తియాంజనే కూర్చుంటుంది.
చురుకైనది. నాలా రెండు వేళ్ళతో కాదు,
పది వేళ్ళతో కొడుతుంది.
పెండింగు ప్రశ్నలన్నీ ఒక్క పూటలో తేల్చేస్తానంది.

ఆ ఒక్కటీ ముట్టుకోకు అని చెప్పి వెళ్ళాలి.
ఎందుకని అడుగుతుంది.