తేదీ ముద్ర

నెల్లూరు సంచీ ఆత్మకూరు మీదుగా
పదింబావుకి దిగింది.
లక్క పగలగొడితే లోపల,
బ్యాంకు కవర్లకీ బీమా నోటీసులకీ అడుగున
కొత్త తపాలా బిళ్ళలు, మూడు షీట్లు.

ఒకదాని మీద గులాబీ,
వాలనా వద్దా అని ఆలోచిస్తున్న చిలక.
ఒకదాని మీద పెళ్ళి:
జీలకర్రా బెల్లం అద్దిన రెండు చేతులు,
ముఖాల్లేవు. చోటు చాల్లేదు కాబోలు.
మూడోది జెండా.
దాంట్లో బ్రహ్మాండమైన గాలి.
మా ఉదయగిరిలో మాత్రం
దుర్గం కొండ మీద గడ్డిపోచ కూడా కదలటం లేదు.

మూడూ ఐదేసి రూపాయలే.
మూడిటికీ ఒకటే జిగురు.

కౌంటరు అద్దం కింద పరిచి పెడితే
పెంచలయ్య కాకీ చొక్కా గుండీ తీసుకుంటా నవ్వాడు:
"ప్రేమకు బిళ్ళంటించేదెవురు సార్ ఈ ఊళ్ళో,
అందరికీ ఫోనుండాది గదా!"

మొదటి గులాబీ మాలకొండయ్య కొన్నాడు.
పదకొండేళ్ళుగా పాసుపుస్తకం కోసం
తాసీల్దారుకి అర్జీలు పెట్టే మాలకొండయ్య.
"మంచి బొమ్మది ఈయి సామీ,
ఈసారన్నా తెరిచి చూస్తారేమో."
కళ్ళు ఆనవని నన్నే అంటించమన్నాడు.
సర్వే నెంబరు మూడొందల పన్నెండు బై రెండు,
ఎకరం నలభై సెంట్ల మెట్ట మీద
చిలక వాలింది.

పన్నెండింటికి ప్లీడరు గుమాస్తా.
పెళ్ళి బొమ్మల షీటు సగానికి చింపించుకుని
తడిపిన స్పాంజి మీద రుద్ది రుద్ది
రిజిస్టరు కవర్లకి టపటపా కొట్టాడు.
చెక్కు బౌన్సులు నాలుగు, విడాకులు ఒకటి.
ఆ ఒక్క విడాకుల కవరు మీద
ఆరు పెళ్ళిళ్ళు.
అతనికి చేతులు కనపడలేదు.
ఐదు కనపడింది, ఐదార్లు ముప్పై కనపడింది.

మధ్యలో నెల్లూరు నుంచి ఒకాయన ఫోను:
"ముద్ర పడని బిళ్ళలు నాలుగు తీసిపెట్టండి,
ముద్ర పడితే విలువ పోతుంది."
సరేనన్నాను.
ముప్పై ఒక్కేళ్ళుగా విలువలు పోగొట్టే ఉద్యోగమే నాది,
కుడి భుజం దానికి సాక్షి.

నేనూ ఒక గులాబీ కొన్నాను.
ఐదు రూపాయలు డబ్బాలో వేసి లెక్క రాశాను.
ఎవరికని రాయను?
మా ఇల్లు ఈ గోడకి అవతలే,
కుక్కరు కూత వినపడుతుంది,
ఆమె దగ్గు వినపడుతుంది.
పర్సులో పెట్టుకుంటే
చెమటకి తోలుకే అంటుకుపోయింది.

మూడున్నరకి హుస్నారా వచ్చింది.
చెక్క గరిటెలు చేసే ఇంటి పిల్ల,
కనుబొమల మీద ఇంకా కొయ్యపొడి.
బిళ్ళల్నన్నిటినీ చాలాసేపు చూసి
జెండా అడిగింది.
కవరు మీద అడ్రసు:
కావలి, రైలుగేటు పక్కన, టైర్ల కొట్టు.
నాకు నోరూరుకోదు.
"గులాబీ ఇయ్యమంటావా అమ్మా?"
"ఒద్దు సార్.
గులాబీ అయితే వాళ్ళమ్మ చించి చూస్తాది.
జెండా ఉంటే గవర్మెంటు కాయితం అనుకుని
మంచంకోడు కింద భద్రంగా పెడతాది."
"మరి ఫోనో?"
"ఫోను అన్న దగ్గరుంటాది సార్."

నాలుగున్నరకి డబ్బా విప్పి
సిరాదిండు మీద ఇత్తడి ముద్ర అద్ది కూర్చున్నాను.
ఠప్. చిలక తల నల్లబడింది,
తోక మాత్రం మిగిలింది మాలకొండయ్యకి.
ఠప్ ఠప్ ఠప్. ఆరు జతల చేతులు,
తేదీ సరిగ్గా పడిందో లేదో దీపం కింద చూసుకున్నాను,
కోర్టులో అడుగుతారు.

జెండా దగ్గర చెయ్యి ఆగింది.
మెల్లిగా, మూలకి,
చక్రానికి తగలకుండా,
అంచు పళ్ళ మీద మాత్రం పడేట్టు అద్దాను.

సంచీ మూతి బిగిస్తున్న పెంచలయ్య చూశాడు.
"దేశమంటే ఎంత గౌరవం సార్ మీకు!" అన్నాడు.

అనుకోనీ.
కావలి బస్సు హారను కొడుతోంది.