డబుల్ ఎల్లో

తెల్లార్జామున నాలుగింటికి ఫోను:
"రాయచూరులో నిలబెట్టినారు. ఆకలైతాంది."
అంతే, పెట్టేసింది సుంకులమ్మ.
ఆమె వెనక యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్లు.

పోయిన నెల ఏదో సినిమాలో చూసింది.
అమెరికాలో పొద్దున్నే ఒకామె వచ్చి కూర్చుంటే
అడక్కముందే తట్ట నిండా పెట్టిపోతారు:
దొంతరగా గుండ్రని రొట్టెలు, మీద వెన్న, కారే పాకం,
రెండు గుడ్లు, ఎర్రగా వేగిన మాంసం పీలికలు.
"అట్ల ఒకపూట తినాల" అనింది.
నాతో అనలా, ఫోనుతో అనింది.
నేను వినింటి.

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలు.
అప్పట్నుంచి గుంతకల్లు రైల్వే క్వార్టర్లో
పొయ్యి నాది, రైలు ఆమెది.

మైదా రెండు గ్లాసులు, చిటికెడు తినేసోడా,
పాలు, గుడ్డు, రవంత చక్కెర.
దోసెపిండికి రాత్రంతా కావాల.
దీనికి పది నిమిషాలు చాలంటాడు వీడియోలో వాడు.
పది నిమిషాల్లో ఏం పులుస్తుంది, దానికేం తెలుస్తుంది?

పెనం మా అత్తది. నలభై ఏండ్లుగా దోసె తప్ప ఎరగదు.
మొదటిది పట్టుకునింది. గీకితే
జిల్లా పటం మాదిరి చినిగి వచ్చింది.
కాకికేస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, ఎగిరిపోయింది.
రెండోదానికి మంట తగ్గించినా.
బుడగలు లేచి, పగిలి, బొక్కలు పడినాక తిప్పినా.
అబ్బ!
పాలిష్ పట్టిన బండే.
పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం.
కొలబద్ద ఎందుకు,
పదకొండేండ్లు నా బొటనవేలు చేసిన పని అదే గదా.

పాకమేమో అక్కడ చెట్టు కారుస్తుందంట.
మన చెట్లకు నీళ్ళే లేవు, పాకమెక్కడిది?
బెల్లం కరిగించి వడగట్టినా.
యాలకులు వెయ్యబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నా,
ఓళిగలు గావు గదా ఇవి.
పంది మాంసం ఆదివారం గానీ కొయ్యరు.
పక్క క్వార్టర్ మాబున్నిసా, దండెం మీద ఆరిన
పొట్టేలి ఉప్పుకండ నాలుగు పీలికలిచ్చి
"నూనె పొయ్యొద్దు, దాని కొవ్వులోనే వేగనీ" అనింది.
వీడియోలో వాడూ అదే మాట అన్నాడు!
నారింజకు బదులు చీనీకాయలు పిండినా.
గింజ ఒకటి పడింది. వదిలేసినా.

ఏడున్నరకు అంతా సిద్ధం.
ఎనిమిది.
ఎనిమిదిన్నరకు కీమ్యాన్ కుళ్ళాయప్ప పోతా పోతా చెప్పినాడు,
బండి అవుటర్లో ఆగిందని.
మిద్దెక్కి చూసినా.
ఎండలో నల్లగా, కదలకుండా, అంత పొడుగు బొగ్గు,
దాని మూతికాడ యాడో నా పెండ్లాం, ఆకలితో.
కింద వెన్న గడ్డకట్టింది,
పాకం ముదిరి తీగ సాగింది.
గుడ్లు మాత్రం కొట్టలా.
గుడ్లకు తినే మనిషి ఎదురుగా ఉండాల.

పదింబావుకు వచ్చింది.
బ్యాగు, టార్చి, రెండు జెండాలు మూలన పెట్టి
ఎంత కడిగినా పోని గ్రీసు వాసనతో కూర్చునింది.
అప్పుడు కొట్టినా గుడ్లు, పక్కపక్కన, చిట్లకుండా.
తట్ట జరిపినా.
తినదే! చూస్తాంది.
"ఏంది?"
"డబుల్ ఎల్లో" అనింది.
"అంటే?"
"ముందు సిగ్నల్ కాడ ఏముందో తెలీదు,
పోవచ్చు గానీ, పైలంగా పో అని."
ఎనిమిది నెలలుగా నేనుండేదీ ఆ దీపాల కిందనే
అనుకున్నా. అనలా.

వేలు పెట్టి పగలగొట్టింది.
సొన, పాకం, రొట్టె, ఉప్పుకండ కలిపి ముద్ద చేసింది.
వీడియోలో వాడు చూసింటే ఏడ్సేవాడు.
రెండు ముద్దలు తిని ఆగింది.
"ఏం తక్కువైంది?"
"ఏమో. ఒక పచ్చిమిరపకాయ ఇయ్యి."
ఇచ్చినా. కటుక్కున కొరికింది.
కండ్ల నిండా నీళ్ళు.
బండి కదిలింది.

తట్ట ఖాళీ కాకముందే
గోడకు తల ఆనించి నిద్రపోయింది.
వేళ్ళ మీద పాకం ఆరిపోతాంది.
తడిగుడ్డ తెచ్చి నిలబడినా.
చీమలొచ్చేదాకా ఉండనీలే.

మిగిలిన పిండిలోకి ఉల్లిగడ్డ, ఇంత ఎర్రకారం.
పెనం చుయ్యిమనింది.
ఆమె కదల్లా.